46 లక్షల డాలర్లూ, మా అలెన్ కుర్రాడూ

ఒరేయ్ ప్రసాదూ,

జవాబు రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది, కోప్పడకురా. అమ్మ మోకాలు కాస్త నెమ్మదించింది. అక్క పంపిన మాగాయ సీసా పగలకుండా చేరింది. ఆఫీసులో ఎప్పుడూ ఉండే గొడవే. పిల్లలు బానే ఉన్నారు. కుశలాలు ఇంతటితో సరి. నీ ఉత్తరం చివర్లో రాసిన ఆ ఒక్క లైనుకి జవాబు చెప్పకపోతే నాకు కడుపుబ్బిపోయేలా ఉంది.

"మీ అలెన్ కుర్రాడెవడో బేస్‌బాల్ వాళ్ళిచ్చిన 46 లక్షల డాలర్లు మొహాన కొట్టి ఫుట్‌బాల్‌కి పోయాడంట, అంత పొగరేంట్రా?" అన్నావు. (ఇక్కడ ఫుట్‌బాల్ అంటే అమెరికన్ ఫుట్‌బాల్, చేత్తో విసిరేది.) ఇక్కడ డాలస్‌లో మనవాళ్ళు నలుగురు చేరినా ఇదే కథ చెప్పుకుంటారు. ఆ కథ తప్పురా. ఆ 46 లక్షలు మొత్తం అతని చేతికి రానేలేదు. నువ్వెంతైనా మన గోలీసోడా డబ్బుల లెక్క చూసే ట్రెజరర్‌వి కాబట్టి లెక్కతోనే మొదలుపెడతా.

కుర్రాడి పేరు కైలర్ ముర్రే, డాలస్ శివారు అలెన్‌లో హైస్కూల్ చదివినవాడు. 2018 జూన్ 4న మేజర్ లీగ్ బేస్‌బాల్ డ్రాఫ్ట్‌లో ఓక్లాండ్ అథ్లెటిక్స్ జట్టు తొమ్మిదో నంబరులో అతని పేరు చెప్పింది. డ్రాఫ్ట్‌లో ఐపీఎల్‌లా వేలంపాట ఉండదు. జట్లు వరసగా ఒక్కో పేరు చెప్పుకుంటూ పోతాయి, నీ పేరు చెప్పిన జట్టుతో తప్ప ఇంకొకరితో బేరమాడే వీల్లేదు. ఏ నంబరుకి సుమారు ఎంత ఇవ్వాలో కూడా ముందే కట్టి ఉంటుంది. ముర్రేకి 46 లక్షల 60 వేల డాలర్లకి కుదిరింది. అందులో 15 లక్షలు అప్పుడే ఇచ్చారు, మిగతా 31 లక్షల 60 వేలు 2019 మార్చి 1న ఇవ్వాలి. పైగా ఆ మధ్యలో ఓక్లహోమా యూనివర్సిటీకి ఒక్క సీజన్ ఫుట్‌బాల్ ఆడుకోవచ్చని ఒప్పుకున్నారు. ఈ ఒక్క ఒప్పుకోలుతోనే కథంతా మారిపోయింది.

2019 ఫిబ్రవరి 11న ముర్రే ఇక పూర్తిగా ఫుట్‌బాలే అని ప్రకటించాడు. పుచ్చుకున్న 15 లక్షల్లో 12 లక్షల 90 వేలు వెనక్కి కట్టాడు. రావాల్సిన 31 లక్షల 60 వేలు వదిలేసుకున్నాడు. జేబులోంచి తీసి ఇచ్చింది 13 లక్షల లోపే. ఆ తేదీ చూడు. ఫిబ్రవరి 15కల్లా అథ్లెటిక్స్ ఆటగాళ్ళు అరిజోనాలోని మీసాలో స్ప్రింగ్ ట్రైనింగ్‌కి, అంటే సీజన్ ముందు జరిగే శిక్షణకి చేరాలి. అతను 11నే చెప్పేశాడు. మార్చి 1 దాకా ఊరుకుని, డబ్బు పడ్డాక జారుకుందామనుకోలేదు. పొగరున్న వాడు చేసే పనిలా ఉందా ఇది?

మరి అథ్లెటిక్స్ వాళ్ళు అంత అమాయకులా అంటావు. కాదురా. 2018 జూన్‌లో నువ్వున్నా అదే సంతకం పెట్టేవాడివి. అప్పటికి ముర్రే ఓక్లహోమాలో బేకర్ మేఫీల్డ్ వెనక బెంచీ మీద కూర్చున్న క్వార్టర్‌బ్యాక్, అంటే ఆట నడిపిస్తూ బంతి విసిరేవాడు. మేఫీల్డ్ ఆ ఏప్రిల్‌లోనే ఫుట్‌బాల్ డ్రాఫ్ట్‌లో మొదటి నంబరుగా వెళ్ళాడు. ముర్రే ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలు. ఈ ఆటలో క్వార్టర్‌బ్యాక్ అంటే ఆరడుగుల పైనే ఉండాలని పట్టుదల, ఎందుకంటే ముందు నిలబడే లైన్‌మెన్ ఒక్కొక్కడూ ఆరున్నర అడుగుల గోడ. ఆ గోడ మీంచి చూసి బంతి విసరాలి. ఇంత పొట్టివాణ్ణి ఫుట్‌బాల్ వాళ్ళు మొదటి రౌండులో తీసుకుంటారని ఆ రోజున ఎవరూ అనుకోలేదు. ఒక్క సీజన్ ఆడుకుని, సరదా తీర్చుకుని వచ్చేస్తాడనుకున్నారు.

ఆ సీజన్ ఎలా సాగిందో విను. విసిరి 4,361 గజాలు, 42 టచ్‌డౌన్లు (బంతిని ఎదుటివాళ్ళ గీత దాటించడం). కాళ్ళతో పరిగెత్తి 1,001 గజాలు, ఇంకో 12 టచ్‌డౌన్లు. డిసెంబరులో హైస్మన్ ట్రోఫీ, అంటే ఆ ఏడాది కాలేజీ ఫుట్‌బాల్ మొత్తమ్మీద మేటి ఆటగాడు. జనవరి 8న అరిజోనా కార్డినల్స్ జట్టు క్లిఫ్ కింగ్స్‌బరీని కోచ్‌గా తెచ్చుకుంది. టెక్సస్ టెక్ కోచ్‌గా ఉన్నప్పుడే, నాకు మొదటి పిక్ (డ్రాఫ్ట్‌లో మొదటి పేరు చెప్పే అవకాశం) ఉంటే ముర్రేనే తీసుకుంటానని బాహాటంగా చెప్పినవాడు! ఆ కార్డినల్స్ చేతిలోనే ఆ ఏటి మొదటి పిక్ ఉంది. జనవరి 14న ముర్రే ఫుట్‌బాల్ డ్రాఫ్ట్‌కి పేరిచ్చాడు.

అథ్లెటిక్స్‌కి గుండె ఆగినంత పనైంది. పెద్దలు, మేజర్ లీగ్ మార్కెటింగ్ వాళ్ళని కూడా వెంటబెట్టుకుని డాలస్ వైపు వచ్చి మాట్లాడారు. వాళ్ళ బాధకి కారణముంది. డ్రాఫ్ట్‌లో తీసుకున్న కుర్రాడు సంతకమే పెట్టకపోతే మరుసటి ఏడాది దానికి బదులు ఇంకో పిక్ ఇస్తారు. సంతకం పెట్టాక వెళ్ళిపోతే ఏమీ ఇవ్వరు. తొమ్మిదో నంబరు పిక్ ఉత్త పుణ్యానికి పోయింది. నాకు ఆ జట్టు మీద నిజంగానే జాలేసింది. (ఇప్పుడా జట్టు ఓక్లాండ్‌లోనే లేదు. 2024 సీజన్‌తో అక్కణ్ణుంచి లేచిపోయి వెస్ట్ శాక్రమెంటోలో మకాం పెట్టింది, అక్కణ్ణుంచి లాస్ వేగస్ అట. ఆ అభిమానుల గోడు ఇంకో ఉత్తరానికి సరిపోతుంది.)

ఇంకో సంగతి, ఇది నీకు చాలా నచ్చుతుంది. అప్పట్లో అథ్లెటిక్స్‌లో పెద్ద తలకాయ బిల్లీ బీన్. 1980లో బీన్‌కి పద్దెనిమిదేళ్ళు. స్టాన్‌ఫర్డ్ వాళ్ళు బేస్‌బాలూ ఫుట్‌బాలూ రెండూ ఆడమని స్కాలర్‌షిప్ ఇస్తామన్నారు, జాన్ ఎల్వే తర్వాత క్వార్టర్‌బ్యాక్ నువ్వేనన్నారు. బీన్ వద్దని న్యూయార్క్ మెట్స్‌తో బేస్‌బాల్ సంతకం పెట్టాడు. ఆటగాడిగా నిలదొక్కుకోలేకపోయాడు. అలాంటివాడి జట్టే దాదాపు నలభై ఏళ్ళ తర్వాత ఇంకో క్వార్టర్‌బ్యాక్‌ని "బేస్‌బాల్‌కి రా" అని బతిమాలుకుంది. తలుచుకుంటే ఒళ్ళు గగుర్పొడుస్తుందిరా.

సరే, "రెండూ ఆడొచ్చుగా" అని నువ్వు అడగబోతున్నావు, నాకు తెలుసు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టే మన రామ్మూర్తిని తలుచుకుని నవ్వుకుంటూ ఉంటావు కూడా. బో జాక్సన్ ఆడాడు, డియాన్ శాండర్స్ ఆడాడు, నిజమే. కానీ వాళ్ళు ఏ స్థానంలో ఆడారో చూడాలి. బో రన్నింగ్ బ్యాక్. 1987లో కాన్సస్ సిటీ రాయల్స్‌కి బేస్‌బాల్ ముగించుకుని, ఫుట్‌బాల్ సీజన్ మధ్యలో రైడర్స్‌తో చేరాడు. బంతి చేతికిస్తే పట్టుకుని దూసుకుపోవడం ఆ స్థానం పని, మధ్యలో వచ్చినా నడుస్తుంది. క్వార్టర్‌బ్యాక్‌కి అది కుదిరే పని కాదు.

ఎందుకో చెప్తా. మ్యాచ్‌లో ఒక ఎత్తు (ప్లే) ముగిసి ఇంకోటి మొదలవడానికి 40 సెకన్లు. కోచ్ హెల్మెట్‌లోని స్పీకర్లోంచి ఫలానా ఎత్తు వెయ్యమంటాడు. గడియారంలో 15 సెకన్లు మిగిలేసరికి ఆ స్పీకర్ దానంతటదే ఆగిపోతుంది. అక్కణ్ణుంచి నువ్వొక్కడివే. ఎదుటి జట్టులో వెనక నిలబడ్డ ఇద్దరు సేఫ్టీలు ఎక్కడున్నారో చూడాలి, ఎవడు మీదికి దూకుతాడో కనిపెట్టాలి, అనుమానమొస్తే ఎత్తు మార్చి పది మందికీ వినబడేలా అరవాలి. ఆ ఎత్తులన్నీ నోటికి రావాలంటే ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా జట్టుతోనే ఉండాలి. సరిగ్గా ఆ నెలల్లోనే బేస్‌బాల్ 162 మ్యాచ్‌ల సీజన్ నడుస్తుంది. ఫిబ్రవరి మధ్యలో శిక్షణతో మొదలై సెప్టెంబరు ఆఖరుకి గానీ వదలదు. క్యాలెండరే ఒకటి ఎంచుకోమంది.

బేస్‌బాల్ వైపు ఇంకో చిక్కుంది. పిచ్చర్ నిలబడే చోటికీ బ్యాటర్‌కీ మధ్య 60 అడుగుల 6 అంగుళాలు. గంటకి 95 మైళ్ళ బంతి అర సెకను లోపే వచ్చేస్తుంది. నేల తగలదు, కొన్ని బంతులైతే సగం దూరం దాకా నేరుగా వచ్చే బంతిలాగే కనిపించి చివర్లో పక్కకి జారిపోతాయి. బ్యాటేమో గుండ్రటి కర్ర. ఆ బంతులు వేలకి వేలు ఎదుర్కొంటే తప్ప కన్ను కుదరదు. ముర్రే కాలేజీలో 2017లో .122 బ్యాటింగ్ సగటుతో (అంటే వంద ప్రయత్నాల్లో పన్నెండు హిట్లు) తడబడ్డాడు. 2018లో .296, పది హోమ్ రన్లు (మన సిక్సర్లాంటివి). ఒక్క ఏడాదిలో అంత ఎదిగాడంటే సత్తా ఎంతుందో అర్థం చేసుకో. సెంటర్ ఫీల్డ్‌లో అతని పరుగు చూసినవాళ్ళు మర్చిపోలేరు. అయినా పచ్చి సరుకే, కింది లీగుల్లో మూడు నాలుగేళ్ళు నలగాల్సిందే.

ఆ కింది లీగుల జీతం ఎంతో తెలుసా? అప్పట్లో అట్టడుగు మెట్లలో వారానికి 290 డాలర్లు, అదీ సీజన్ నడిచే నెలల్లోనే. ముర్రేకి బోనస్ ఉంది కాబట్టి తిండికి లోటుండదు, కానీ పై మెట్టు ఎక్కాక కూడా చూడు. మేజర్ లీగ్‌లో 2019 కనీస జీతం ఏడాదికి 5 లక్షల 55 వేలు. మొదటి మూడేళ్ళు జట్టు ఇచ్చిందే పుచ్చుకోవాలి, ఆ తర్వాత మూడేళ్ళు మధ్యవర్తి ముందు బేరం, మొత్తం ఆరేళ్ళ సర్వీసు నిండాకే నచ్చిన జట్టుకి పోయే స్వేచ్ఛ. 21 ఏళ్ళకి మూడు నాలుగేళ్ళు కలుపు, ఆరు కలుపు. ముప్ఫయ్యో, ముప్ఫై ఒకటో!

ఇటు ఫుట్‌బాల్‌లో కింది మెట్లే లేవు. 2019 ఏప్రిల్ 25న నాష్‌విల్‌లో కార్డినల్స్ అతన్ని మొదటి నంబరుగా తీసుకున్నారు. బేస్‌బాల్, ఫుట్‌బాల్ రెండు డ్రాఫ్టుల్లోనూ మొదటి రౌండులో ఎంపికైన మొట్టమొదటి ఆటగాడు. నాలుగేళ్ళకి దాదాపు 3 కోట్ల 51 లక్షల డాలర్లు, మొత్తం హామీతో. అందులో సంతకం బోనస్ ఒక్కటే దాదాపు 2 కోట్ల 36 లక్షలు. మూడు సీజన్లు ఆడితే కొత్త ఒప్పందానికి బేరమాడొచ్చు. 2022 జులైలో, సరిగ్గా మూడు సీజన్లు కాగానే, ఐదేళ్ళకి 23 కోట్ల 5 లక్షలు. ఇప్పుడు చెప్పు ట్రెజరర్ గారూ, పిచ్చోడా?

కానీ డబ్బొక్కటే లెక్క అంటే నేనొప్పుకోను. ఆ డిసెంబరు 12న పేట్రియట్స్ మీద మ్యాచ్‌లో, ఆట మొదలైన కాసేపటికే, ఎవరూ ముట్టుకోకుండానే మోకాలు తెగింది. ఏసీఎల్ అనే లిగమెంటు. మళ్ళీ మైదానంలోకి వచ్చింది 2023 నవంబరులో. ఆ వీడియో రెండోసారి చూడబుద్ధి కాలేదురా. బేస్‌బాల్ ఒప్పందంలో సంతకం పెట్టిన డబ్బు గాయమైనా సాధారణంగా వస్తుంది, నలభై దాకా ఆడేవాళ్ళున్నారు. ఫుట్‌బాల్‌లో హామీ లేని భాగం ఎప్పుడైనా కొట్టెయ్యొచ్చు. బో జాక్సన్‌కి తుంటి పోయింది కూడా ఫుట్‌బాల్‌లోనే, 1991 జనవరిలో. ఇవన్నీ తెలిసే ముర్రే ఎంచుకున్నాడంటే ఆ ఆట మీద ఎంత ప్రేమో.

ఉండబట్టలేదేమో కూడా. మా అలెన్ హైస్కూల్‌కి అతను క్వార్టర్‌బ్యాక్‌గా మొదలుపెట్టిన 42 మ్యాచ్‌ల్లో 42 గెలిచాడు. ఒక్కటీ ఓడలేదు! ఆ స్కూలు స్టేడియం 18,000 సీట్లు, 6 కోట్ల డాలర్లు పెట్టి కట్టారు. కట్టిన రెండేళ్ళకే కాంక్రీటు పగిలి మూసేస్తే, 2014 సీజన్ హోమ్ మ్యాచ్‌లు వేరే ఊళ్ళో ఆడి కూడా టైటిల్ కొట్టారు. ఇంట్లోనూ అదే గాలి. తండ్రి కెవిన్‌ని 1982లో మిల్వాకీ బ్రూవర్స్ బేస్‌బాల్‌కి తీసుకుంటే, ఆయన టెక్సస్ ఏ అండ్ ఎమ్‌లో క్వార్టర్‌బ్యాక్‌గా ఆడటానికి వెళ్ళిపోయాడు, జట్టు కోర్టుకెక్కింది. బాబాయి కాల్విన్ మటుకు జెయింట్స్‌కి బేస్‌బాలే ఆడాడు. ఒకసారి పిచ్చర్ ర్యాండీ జాన్సన్ వేసిన బంతి దారిలో పావురానికి తగిలి ఈకలు ఎగిరిపోయిన వీడియో నాకు పంపించి "బ్యాటర్ మొహం చూడు" అన్నావే, ఆ బ్యాటర్ ఈ కాల్వినేరా!

బేస్‌బాల్ అతన్ని పూర్తిగా వదల్లేదు, అది కూడా చెప్పాలి. ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్ పరిగెత్తేటప్పుడు కాళ్ళు ముందుకి చాపి నేల మీద జారితే, జారడం మొదలెట్టిన చోటే ఆట ఆగినట్టు. ఆ తర్వాత కొడితే ఎదుటివాడికి శిక్ష. చాలామంది క్వార్టర్‌బ్యాక్‌లు ఆలస్యంగా, మొద్దుగా కూలబడి పక్కటెముకలు విరగ్గొట్టుకుంటారు. ముర్రే ఒక కాలు మడిచి, ఇంకోటి చాచి, తుంటి పక్కన ఆనించి, బేస్‌బాల్‌లో తర్వాతి బేస్‌కి దొంగచాటుగా పరిగెత్తేవాడిలా సర్రున జారతాడు. మీద పడబోయినవాడు గాలిని పట్టుకుంటాడు. పరిగెడుతూనే చెయ్యి పక్కకి వంచి విసరడం కూడా అక్కణ్ణుంచే వచ్చింది. నువ్వు యూట్యూబ్‌లో చూడు, 2019వి చూడు, ముందు...

అయ్యో, టైము చూసుకోలేదు. చిన్నదాన్ని సాఫ్ట్‌బాల్ ప్రాక్టీసు నుంచి తేవాలి, కోచ్ లేటైతే ఊరుకోడు. అసలు జెఫ్ సమర్జియా సంగతి మొదలే పెట్టలేదు, నోటర్ డామ్ యూనివర్సిటీలో అంత మంచి రిసీవర్ (విసిరిన బంతి పట్టేవాడు) అయ్యుండి బేస్‌బాల్ వైపు వెళ్ళినవాడు, అతని లెక్క పూర్తిగా ఎదురు లెక్క, బేస్‌బాల్ జట్టు కబ్స్ వాళ్ళు కోటి డాలర్లు ఎందుకిచ్చారంటే... తర్వాత రాస్తా. అక్కకి మాగాయ అద్దిరిందని చెప్పు.

నీ
రవి