యాక్సిలరేటర్ కేబుల్‌కు నూనె చుక్కలు చాలవు

సంపాదకులకు నమస్కారం.

వానలు మొదలయ్యే ముందు విజయవాడలో పాత కార్ల యజమానులు వైపర్లు, టైర్లు, బ్రేకులు చూపించుకోవడం మామూలే కానీ, పెడల్ నుంచి ఇంజను దాకా వెళ్లే యాక్సిలరేటర్ కేబుల్ మాత్రం తెగేదాకా ఎవరికీ గుర్తుకు రావడం లేదు. కొత్త కార్లలో చాలావాటికి ఈ కేబులే లేదు; పెడల్ దగ్గరి సెన్సరు ఇచ్చే సంకేతాన్ని బట్టి చిన్న మోటారు థ్రాటిల్‌ను, అంటే ఇంజనులోకి వెళ్లే గాలిని అదుపుచేసే మూతను, తెరుస్తుంది. మన వీధుల్లో ఇంకా తిరుగుతున్న మారుతి 800, ఆమ్నీ వంటి బండ్లకు మాత్రం ఆ ఉక్కు తీగే ఆధారం.

కేబుల్ తెగితే ఇంజను ఐడిలింగ్‌కు, అంటే పెడల్ తొక్కనప్పుడు ఉండే కనీస వేగానికి, పడిపోయి బండి ఆగుతుంది. కనకదుర్గ ఫ్లైఓవర్ మీద ఆగితే వెనకవాళ్ల హారన్లు వినక తప్పదు గాని, అంతకన్నా పెద్ద ముప్పు కేబుల్ బిగుసుకుపోవడం వల్ల వస్తుంది, ఎందుకంటే అప్పుడు పెడల్ మీద నుంచి కాలు తీసినా థ్రాటిల్ మూసుకోదు. వంపుల దగ్గర, చివరి ముడి దగ్గర ఒక్కొక్క పోగే తెగి లోపలి తొడుగును గీరుకుంటూ అడ్డుపడటం, నీటితోపాటు చేరిన మట్టి వల్ల తుప్పు పట్టడం దీనికి ముఖ్య కారణాలు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్ పరిసరాల్లో మునిగిన పాత కార్లను తర్వాత బాగుచేయించుకున్నవారు, వాటిని సెకండ్ హ్యాండ్‌లో కొన్నవారు, కేబుల్ మార్చారో లేదో ఒకసారి అడిగి తెలుసుకోవడం మంచిది.

పెడల్ బరువెక్కిందంటే తొడుగులో నాలుగు చుక్కల ఇంజను ఆయిలు పోసి పంపడం, వెనక్కి రావడం లేదంటే అదనంగా ఒక స్ప్రింగు తగిలించడం అనేకచోట్ల అలవాటైపోయింది. లోపల ప్లాస్టిక్ గొట్టం ఉన్న కేబుల్‌లో ఆ నూనె దుమ్మును పట్టుకుని జిడ్డుగా మారుతుంది; అదనపు స్ప్రింగు అరిగిన తీగను మరింత గుంజుతుంది. కొత్త కేబుల్ అనగానే ముఖం చిట్లించే యజమానులూ ఉన్నారు కనుక తప్పంతా మెకానిక్కులదే అనడం న్యాయం కాదు. అదే మోడల్‌కు సరిపడే కేబుల్ కొని, పాతది వెళ్లిన దారిలోనే, సైలెన్సర్ వేడి తగలకుండా, రబ్బరు బుష్ వదిలేయకుండా బిగించి, పెడల్ తొక్కనప్పుడు కాస్త వదులు ఉండేలా, పూర్తిగా తొక్కినప్పుడు థ్రాటిల్ పూర్తిగా తెరుచుకునేలా నట్టు సర్దాలి. ఇంజను ఆపి ఒకరు పెడల్ తొక్కి వదులుతుంటే మరొకరు బానెట్ లోపల చూస్తే పని సరిగ్గా జరిగిందో లేదో తెలిసిపోతుంది.

దారిలో పెడల్ ఇరుక్కుంటే బ్రేకును మాటిమాటికీ వదిలి తొక్కకుండా ఒకేసారి గట్టిగా పట్టి ఉంచాలి. ఎందుకంటే థ్రాటిల్ తెరిచి ఉన్నప్పుడు, బ్రేకును తేలికగా తొక్కేందుకు తోడ్పడే బూస్టరుకు ఇంజను నుంచి వ్యాక్యూమ్ (గాలి పీల్చే బలం) సరిగా అందదు. క్లచ్ నొక్కి న్యూట్రల్‌లో వేస్తే ఇంజను అరుస్తుంది, అరవనివ్వాలి. బండి పక్కకు ఆగాకే తాళం తిప్పి ఇంజను ఆపాలి, లేకపోతే స్టీరింగ్ లాక్ పడవచ్చు.

సొంత కార్లకు 15 ఏళ్లు నిండాక రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు తనిఖీ జరుగుతుంది. అప్పుడు పెడల్‌ను ఒకసారి తొక్కి వదిలి, అది మందకొడిగా వెనక్కి వస్తే కేబుల్ మార్చిన తర్వాతే పత్రం ఇవ్వవలసిందిగా రవాణా శాఖ అధికారులను, తీసేసిన పాత కేబుల్‌ను యజమానికి చూపించవలసిందిగా ఆటోనగర్ మెకానిక్కులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సత్యనారాయణపురం, విజయవాడ