గల్లా దగ్గర కూర్చునేవాడికి

ఒరేయ్ రాంబాబూ,

నీ ఉత్తరం అందింది. నడుం పట్టేస్తోందని, అర్ధరాత్రి దాటినా నిద్ర రావట్లేదని, చిన్నదానికే పిల్లల మీద కేకలేస్తున్నావని చదివి దిగులేసింది. జిమ్‌లో చేరనా అని అడిగావు. చేరుదువుగాని, ముందు పొద్దున్న కొట్టు తీసింది మొదలు రాత్రి కట్టేదాకా గల్లా దగ్గర కుర్చీ వదలవు చూడు, దాని సంగతి తేల్చాలి. పొద్దున్నే అరగంట నడిచేసి రోజంతా కదలకపోతే ఆ నడక ఒక్కటీ ఏటి చేస్తాదిరా?

నడిచినప్పుడల్లా కాలి పిక్కలు బిగిసి వదులై, కిందనున్న రక్తాన్ని గుండె వైపు తోస్తాయి. కూర్చుంటే ఆ తోపు ఆగిపోతుంది. సాయంత్రానికి పాదాలు ఉబ్బి చెప్పులు బిగుతయ్యేది అందుకే. అన్నం తిన్నాక రక్తంలో చేరిన చక్కెరని కూడా ఎక్కువగా లాక్కునేవి కండరాలే, అవి కదులుతుంటే బేగి లాక్కుంటాయి. అందుకని మధ్యాహ్నం భోజనమైన అరగంటలోపు ఓ 10 నిమిషాలు నడువు. ఎండలో వద్దు, కొట్టులో బీరువాల మధ్యే అటూ ఇటూ తిరుగు.

మిగతా టైములో అరగంటకోసారి లేచి రెండు మూడు నిమిషాలు కదలాలి. గుర్తుండదంటావు. అందుకే మంచినీళ్ళ సీసా గల్లా మీద కాకుండా వెనక గదిలో పెట్టు. ఫోనొస్తే నిలబడే మాట్లాడు. బట్టల తాను కుర్రాడిచేత తెప్పించకుండా నువ్వే లేచి తియ్యి.

ఇక నడుముకీ తొడలకీ బలం కావాలి. చక్రాల్లేని కుర్చీ గోడకి ఆనించి, ముందు అంచు మీద కూర్చో. పాదాలు భుజాలంత ఎడంగా, మోకాళ్ళకన్నా కొంచెం వెనక్కి ఉండాలి. చేతులు గుండెల మీద కట్టుకో. ఒళ్ళు ముందుకి వంచి, మడమలు నేలకి నొక్కి లే. కూర్చునేటప్పుడు మనసులో మూడు లెక్కపెడుతూ నెమ్మదిగా దిగు. చాలామంది ఇక్కడే ధబీమని కూలబడిపోతారు. తొడలకి ఆ దిగడంలో కూడా బాగా పని పడుతుందిరా! మోకాళ్ళు లోపలికి వాలుతుంటే కావాలని బయటివైపు తోసి పట్టుకో. 8 సార్లు చేసి, నిమిషం ఆగి, ఇంకో 8. వారంలో మూడు రోజులు చాలు. రెండు వారాలయ్యాక 12 చెయ్యి.

మర్నాడు తొడలు సలిపితే భయపడకు, రెండు మూడు రోజుల్లో పోతుంది. కీలు వాచినా, పొడిచినట్టు నొప్పెట్టినా ఆపెయ్. మందుల షాపులో నొప్పి బిళ్ళలు కొనుక్కుని రోజూ మింగొద్దు, కిడ్నీలు దెబ్బతింటాయి. మీ అత్తవారిది కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం, ఈ మాట నీకు వేరే చెప్పాలా? గుండె పట్టేసినట్టున్నా, కళ్ళు తిరిగినా ఆలస్యం చెయ్యకుండా డాక్టరు దగ్గరికెళ్ళు.

నడక లెక్క అడిగావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది వారానికి 150 నుంచి 300 నిమిషాలు. మాట్లాడగలిగి, పాట పాడలేనంత వేగం ఉండాలి. 10 వేల అడుగులన్నది 1965లో జపానులో అడుగులు లెక్కపెట్టే పరికరానికి పెట్టిన పేరులోంచి పాకింది, అన్ని అడుగులు కాలేదని బెంగ వద్దు. ఆదివారం అరసవల్లి సూర్యదేవుడి గుడికి బండి మీద కాకుండా నడిచి వెళ్ళు. శ్రీకాకుళం ఊళ్ళోంచి రమారమి రెండు కిలోమీటర్లేగా. పొద్దుటి వెలుతురు కళ్ళకి తగిలితే రాత్రి నిద్ర కూడా వేళకి వస్తుంది. మనసులో అలజడి తగ్గడానికైతే నెలలు ఆగక్కర్లేదు, చాలామందికి ఒక్క నడకతోనే ఆ పూటకి కాస్త తేలికపడుతుంది. కాకపోతే నడుస్తూ ఫోనులో బాకీల గొడవ పెట్టుకోకు. అప్పుడు కాళ్ళు నడుస్తాయి గాని బుర్ర గల్లా దగ్గరే ఉంటుంది.

అమ్మకి నమస్కారాలు చెప్పు. ఆవిడచేత కిటికీ ఊచ పట్టుకుని ఒంటికాలి మీద 10 సెకన్లు నిలబడడం అలవాటు చేయించు, వారంలో మూడు రోజులైనా. పెద్దవాళ్ళకి పడిపోతామన్న భయం తగ్గుతుంది. పక్కన నువ్వుండాలి, కాళ్ళ కింద నేల తడి లేకుండా చూసుకో.

ఉంటాను,
సూరి