రబ్బరుకు మైళ్ళు తెలియవు, ఏళ్ళు తెలుసు

విజయవాడ, ఆటోనగర్
ఆదివారం రాత్రి

చిన్నా,

నువ్వు శుక్రవారం పంపిన పన్నెండు ఫొటోలూ చూశాను. షెడ్డులో కుర్రాళ్ళకి కూడా చూపించాను. నీలం రంగు, వెడల్పాటి వెనక టైర్లు, వెనక నాలుగు సైలెన్సర్ గొట్టాలు. 2003 బీఎమ్‌డబ్ల్యూ ఎమ్3, లక్షా పన్నెండు వేల మైళ్ళు తిరిగింది, 17,500 డాలర్లు అడుగుతున్నారు. "ఎలా ఉంది నాన్నా?" అని రాశావు. నేను "బాగుంది" అని ఒక్క మాట పెట్టి రెండు రోజులు ఊరుకున్నాను. నీకు కోపం వచ్చే ఉంటుంది. ఫోన్లో మాట్లాడితే ఇద్దరం గొంతు పెంచుతాం, చెప్పాల్సింది సగంలో ఆగిపోతుంది. అందుకే రాస్తున్నాను.

ముందు ఆ బండి గురించి. అది గొప్ప బండి, అందులో నాకు అనుమానం లేదు. రెండు రాత్రులు కూర్చుని ఆ ఇంజన్ విప్పే వీడియోలు చూశాను. 3.2 లీటర్లు, ఆరు సిలిండర్లు ఒకే వరుసలో, ఒక్కో సిలిండర్‌కి గాలి అందించే థ్రాటిల్ విడిగా ఒకటి. టర్బో లేకుండానే 333 హార్స్‌పవర్. ఎనిమిది వేల ఆర్‌పీఎమ్ దాకా తిరుగుతుంది. నేను జీవితమంతా విప్పినవి లారీల, టాక్సీల డీజిల్ ఇంజన్లు, వాటికి నాలుగు వేలు దాటడమే గగనం. ఆ క్రాంక్ షాఫ్ట్ బయటికి తీసినప్పుడు వీడియో ఆపి మళ్ళీ మళ్ళీ చూశాను. నీకు ఆ బండి మీద మనసు పడిందంటే నిన్ను తప్పు పట్టను. ఆరేళ్ళప్పుడు షెడ్డులో నా పక్కన కూర్చుని స్పానర్లు సైజుల వారీగా పేర్చేవాడివి.

కానీ ఇప్పుడు కొనొద్దు నాన్నా. ఇప్పుడున్న టొయోటా కారొల్లా అమ్మేసి మరీ కొనడం అసలు వద్దు.

మీ అమ్మ భయం స్పీడు గురించి. నా భయం వేరు. ఆ బండి వేగం కంటే దాని వయసు నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. ఇరవై ఏళ్ళు దాటిన బండికి మీటర్లో ఎన్ని మైళ్ళున్నాయన్నది సగం సంగతే. రబ్బరుకు, ప్లాస్టిక్కుకు మైళ్ళు తెలియవు, ఏళ్ళు తెలుసు. టెక్సాస్ ఎండలో నిలబెట్టి ఉంచినా బుష్‌లు పగులుతాయి, హోస్ పైపులు గట్టిపడతాయి, రేడియేటర్ పక్కనుండే ప్లాస్టిక్ ఎక్స్‌పాన్షన్ ట్యాంకు ఒక రోజు హైవే మీద చీలుతుంది. అలా కూలెంట్ పోయి ఇంజన్ వేడెక్కితే, అల్యూమినియం హెడ్ ఒంకరపోవడానికి ఎంతసేపో పట్టదు.

ఆ మోడల్‌కి సొంత జబ్బులు కూడా ఉన్నాయి, అవి దాచిన విషయాలేమీ కావు. 2001 నుంచి 2003 మధ్య తయారైన బండ్లలో కొన్నిటికి పిస్టన్‌ను క్రాంక్‌కి కలిపే కాన్‌రాడ్ బేరింగులు ముందే అరిగి ఇంజన్లు పాడయ్యాయి. కంపెనీయే బండ్లను వెనక్కి పిలిచి ఉచితంగా బేరింగులు మార్చింది. నువ్వు చూసింది 2003ది. మార్చినట్టు కాగితం ఉందా? ఉన్నా, అది దాదాపు ఇరవై ఏళ్ళ కిందటి పని. వ్యానోస్ అని క్యామ్ టైమింగ్, అంటే వాల్వులు తెరుచుకునే సమయం, మార్చే యూనిట్ ఉంది, దాని బోల్టులు వదులవుతాయి, దాని పంపును తిప్పే చిన్న చెవులు విరుగుతాయి. వెనక చక్రాల సామానంతా మోసే సబ్‌ఫ్రేమ్ బిగించే చోట బాడీ రేకు చీలుతుంది. కిందికి దూరి టార్చ్ వేసి చూస్తే తప్ప కనపడదు. సబ్‌ఫ్రేమ్ మొత్తం దించి, ప్లేట్లు వేసి వెల్డింగ్ చేయాలి. ట్యాపెట్లు, అంటే వాల్వుల దగ్గర సందు, కూడా ముప్పై వేల మైళ్ళకోసారి చేత్తో సెట్ చేయాల్సిందే.

ఆ బండిలో నాకు అన్నిటికన్నా నచ్చింది టాకోమీటర్. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఆర్‌పీఎమ్ ముల్లు ఎక్కడిదాకా వెళ్ళకూడదో చుట్టూ చిన్న దీపాలు వెలిగి చూపిస్తాయి. ఆయిల్ వేడెక్కే కొద్దీ అవి ఒక్కొక్కటీ ఆరిపోతాయి. బండే డ్రైవర్‌కి కాసేపు ఆగు అని చెబుతోందన్నమాట. ఇరవై ఏళ్ళలో ఎంతమంది ఓనర్ల చేతులు మారిందో, వాళ్ళలో ఎంతమంది ఆ దీపాల మాట విన్నారో ఆలోచించు. వినకపోతే ఆ బేరింగుల మీద పడ్డ దెబ్బ బయటికి కనిపించదు. రంగు వేసి పాలిష్ పెడితే ఫొటోలో అన్ని బండ్లూ ఒకేలా ఉంటాయి.

అంత చౌకగా ఎందుకు ఇస్తున్నాడో కూడా గమనించావా? ఫొటోలో క్లచ్ పెడల్ లేదు. అది ఎస్‌ఎమ్‌జీ గేర్‌బాక్స్, కాలితో నొక్కే పని లేకుండా క్లచ్ దానంతటదే పడుతుంది. మాన్యువల్ గేర్లున్న బండ్లకి ఉన్న గిరాకీ వీటికి లేదు. దాని హైడ్రాలిక్ పంపు పోతే బండి గేరులో పడదు, ఉన్నచోటే ఉండిపోతుంది.

ఇక్కడ ఆటోనగర్‌లో పార్టు దొరక్కపోతే పాత సామాను కొట్లు నాలుగు తిరుగుతాం. అక్కడా లేకపోతే లేత్ దగ్గర చేయించుకుంటాం. అక్కడ నీకు ఆ వెసులుబాటు లేదు. కారొల్లా బ్రేకులకే గంట కూలీ 160 డాలర్లు తీసుకున్నారని నువ్వే చెప్పావు. ఆ ఎమ్3 కొత్తగా ఉన్నప్పుడు 45 వేల డాలర్ల పైచిలుకు బండి. కొనేవాడికి ఇప్పటి ధరే కనిపిస్తుంది, స్పేర్ పార్టులు మాత్రం బండి పుట్టినప్పటి ధర ప్రకారమే ఉంటాయి.

నీకు ఇప్పటిదాకా చెప్పని సంగతి ఒకటి ఉంది.

మీ బాబాయి ఎడమ కాలు ఈడుస్తూ నడవడం నీకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. చిన్నప్పుడు చింతచెట్టు మీంచి పడ్డాడని మీ నానమ్మ చెప్పేది. అది నిజం కాదు.

1990లో నాకు ఇరవై మూడేళ్ళు, షెడ్డులో మేస్త్రి కింద పని. అప్పట్లో రాజ్‌దూత్ 350 అంటే కుర్రాళ్ళకి పిచ్చి. 1983లో వచ్చిన బండి, రెండు సిలిండర్లు, ముప్పై హార్స్‌పవర్. ఊరంతా స్కూటర్ల మీద తిరిగే రోజుల్లో అది స్టార్టయితే సందు చివరిదాకా వినపడేది. బాగా వాడిన బండి ఒకటి తొమ్మిది వేలకి వచ్చింది. నా దగ్గర ఆరు వేలు, మావయ్య దగ్గర మూడు వేలు అప్పు. కొన్న రోజు జేబులో పెట్రోలు డబ్బులు తప్ప ఏమీ లేవు. ముందు బ్రేకు షూలు అరిగిపోయాయని నాకు తెలుసు. నేనే డ్రమ్ము విప్పి చూసి, మళ్ళీ బిగించాను. జీతం రాగానే వేద్దాంలే అనుకున్నాను. జీతానికి పదకొండు రోజులుంది.

తొమ్మిదో రోజు సాయంత్రం బాబాయిని వెనక ఎక్కించుకుని బ్యారేజీ దాటి ఉండవల్లి వైపు వెళ్ళాను. వాడికి అప్పుడు పదిహేడు. మలుపులో గేదె అడ్డం వచ్చింది. బ్రేకు పట్టాను, బండి ఆగలేదు. నాకు భుజం దగ్గర ఎముక విరిగింది. వాడి కాలు రెండు చోట్ల విరిగింది. రెండు ఆపరేషన్లు, ఆరు నెలలు మంచం. పోలీసు ఉద్యోగానికి వెళ్ళాలని రోజూ పొద్దున్నే పరుగు తీసేవాడు, అది అక్కడితో ఆగిపోయింది. ఈ రోజుదాకా నన్ను ఒక్క మాట అనలేదు. చింతచెట్టు కథ చెప్పమన్నది కూడా వాడే, నీ ముందు నేను తలెత్తుకుని ఉండాలని. ఈ ఉత్తరం మొదలుపెట్టే ముందు వాడికి ఫోన్ చేసి, చిన్నాకి చెప్పనా అని అడిగాను. "చెప్పు అన్నయ్యా, వాడికి పనికొస్తుంది" అన్నాడు.

తప్పు ఆ బండిది కాదు. బండి కొనడానికి నా దగ్గర డబ్బుంది, దాన్ని సరిగా ఉంచుకోవడానికి లేదు. నువ్వు పంపిన లెక్క చూస్తే నాకు ఆ పదకొండు రోజులు గుర్తొచ్చాయి. కారొల్లా అమ్మితే ఇంత, సేవింగ్స్‌లో ఇంత, కలిపితే సరిగ్గా 17,500. కింద ఏమీ మిగల్లేదు. టైర్లకి, బ్రేకులకి, వ్యానోస్‌కి ఒక్క డాలర్ రాయలేదు. ఇన్సూరెన్స్ నెలకి 290 డాలర్లు చెప్పారన్నావు, అది కూడా లెక్కలో లేదు. ఇరవై ఐదు నిండని కుర్రాడికి అలాంటి బండికి అంతే అడుగుతారు. ఎడ్యుకేషన్ లోన్ ఇంకా ఉంది. చదువయ్యాక కొంతకాలానికి ఇచ్చే ఓపీటీ పని అనుమతి మీద ఉన్నావు, ఉద్యోగం పోతే తొంభై రోజుల గడువని నాకు చెప్పింది నువ్వే. అలాంటి టైములో వర్క్‌షాపులో ఇంజన్ దించి ఉన్న బండిని ఎవరు కొంటారు? అప్పుడు నీకుండే టెన్షన్ నేను ఊహించుకోలేను.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఆ బండి కొన్నా కొనకపోయినా ఇది నీ ఫ్రెండ్స్‌కి కూడా చెప్పు. టకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగుల్లో బ్యాగును ఉబ్బించడానికి వాడిన పేలుడు మందు ఏళ్ళ తరబడి వేడికీ చెమ్మకీ పాడైపోతుంది. అప్పుడు ప్రమాదంలో బ్యాగు తెరుచుకుంటే లోపలి ఇనుప డబ్బా పగిలి ముక్కలు మనిషికి గుచ్చుకుంటాయి. అమెరికాలోనే ఇరవై మందికి పైగా చనిపోయారు. 2000 నుంచి 2006 దాకా వచ్చిన 3 సిరీస్ బండ్లలో, ఎమ్3తో సహా, ఆ బ్యాగు మార్చని వాటిని అసలు నడపొద్దని బీఎమ్‌డబ్ల్యూ 2023లో చెప్పింది. మార్చడం ఉచితమే. అయినా మార్చకుండా తిరిగే బండ్లు ఇంకా ఉంటాయి. బండిని గుర్తించే పదిహేడు అక్షరాల విన్ నంబర్‌ను ప్రభుత్వ రీకాల్ వెబ్‌సైట్లో కొట్టి చూడటానికి రెండు నిమిషాలు పడుతుంది.

టెక్సాస్‌లో 2025 జనవరి నుంచి మామూలు కార్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు కదా. ఇప్పుడు పొగ పరీక్షే మిగిలింది, అదీ డాలస్ లాంటి కౌంటీల్లోనే. అంటే ఆ బండి బ్రేకులు, టైర్లు చట్టం ప్రకారం ఎవరూ చూడరు. ఓనర్ చూసుకోవాలి. ఓనర్ నువ్వైతే నువ్వే.

నడపడం గురించి ఎక్కువ చెప్పను, నువ్వు నిదానస్తుడివి. కానీ నువ్వు ఇప్పటిదాకా నడిపినవన్నీ ముందు చక్రాలు లాగే బండ్లు. ఇది వెనక చక్రాలు తోసే బండి. వానలో మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదిలితే వెనక భాగం తిరిగిపోతుంది. ఇది రోడ్డు మీద నేర్చుకునే విద్య కాదు. అక్కడ ఖాళీ పార్కింగ్ లాట్లలో కోన్లు పెట్టి ఆటోక్రాస్ నడుపుతారని చూశాను. నీ కారొల్లాతోనే రెండు మూడు సార్లు వెళ్ళు. బండి ఎప్పుడు జారుతుందో రోడ్డు మీద కంటే అక్కడ తెలుసుకోవడం మేలు.

నీకు మరీ ఆగలేనంతగా ఉంటే నా మాట ఇది. కారొల్లా ఉంచు. లోన్ సగానికి తగ్గాక, రెండో బండిగా 2013 మోడల్ నుంచి వచ్చిన సుబారు బీఆర్‌జెడ్ లాంటిది చూడు. కనీసం 200 హార్స్‌పవర్, వెనక చక్రాల బండే, మాన్యువల్ గేర్లు దొరుకుతాయి, బండి జారకుండా సరిచేసే స్టెబిలిటీ కంట్రోల్ ఉంటుంది. 2013 మోడల్‌కి వాల్వ్ స్ప్రింగుల రీకాల్ 2018లో వచ్చింది, అది చేయించారో లేదో అడుగు. ఎమ్3యే కావాలంటే అప్పుడు కూడా కాదనను. కానీ బండి ధరలో సగం విడిగా బ్యాంకులో ఉండాలి, దాన్ని ముట్టుకోకూడదు.

ఈ నీలం బండిని ఊరికే చూసి రావాలనుంటే వెళ్ళు, చూడటానికి డబ్బులేం పోవు. అమ్మేవాడిని ఇంజన్ వేడి చేసి ఉంచొద్దని ముందే చెప్పు. బానెట్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉంటేనే స్టార్ట్ చేయమను. స్టార్టయ్యాక మొదటి పది సెకన్లు మాట్లాడకుండా విను. సైలెన్సర్ దగ్గర నీలం పొగ వస్తే ఆయిల్ తాగుతున్నట్టు. బండి కంప్యూటర్‌ను చదివే ఓబీడీ స్కానర్ తీసుకెళ్ళు. ఎర్రర్ కోడ్లు లేవని సంతోషపడకు, బండి తన్ను తాను పరీక్షించుకునే మానిటర్లు రెడీగా ఉన్నాయో లేదో చూడు. లేకపోతే ముందు రోజే ఎవరో కోడ్లు చెరిపేశారనుకోవచ్చు. టైరు మీద డాట్ అక్షరాల చివరి నాలుగు అంకెలు చూడు. 2316 అని ఉంటే 2016లో ఇరవై మూడో వారం తయారైంది. పైన గాళ్ళు ఎంత లోతున్నా అంత పాత టైరు పనికిరాదు. ఇవన్నీ వీడియో తీసి పంపు, షెడ్డులో అందరం కలిసి చూస్తాం. కుర్రాళ్ళు అప్పుడే పందేలు కాస్తున్నారు.

అడ్వాన్స్ మాత్రం ఇవ్వకు. విన్ నంబర్ ఈ రాత్రికే పంపు.

మీ అమ్మ చింతకాయ పచ్చడి పార్సిల్ చేసింది, గురువారం బయల్దేరుతుంది. బాబాయి ఆ బండి ఫొటోలు పంపమన్నాడు, పంపాను. చూసి, "శబ్దం ఎలా ఉంటుందట అన్నయ్యా?" అని అడిగాడు. నువ్వు చూడటానికి వెళ్తే, స్టార్ట్ చేసేటప్పుడు వాడికి వీడియో కాల్ చెయ్యి.

నాన్న