మంత్రిగారూ, ఆకాశం చట్టాలు మా చెవిన వేయించండి

గౌరవనీయులైన కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,

నమస్కారమండి. నేను కోనసీమలో వకీలు వృత్తిలో ఉన్నవాణ్ణి. వరిచేలు, కొబ్బరితోటలు, రొయ్యల చెరువులు కలిసిపోయిన ఊరు మాది. మీ శాఖ చూసే చట్టాలూ యంత్రాలూ ఒకప్పుడు రాజమండ్రి దగ్గరి మధురపూడి విమానాశ్రయం గేటు దగ్గరే ఆగిపోయేవి. ఇప్పుడవి డ్రోన్ల రూపంలో మా చేల మీదికి, చెరువుల మీదికి వచ్చేశాయి. వాటిని గురించి నిజంగా తెలిసిన న్యాయవాది, ఇంజినీరు, పైలట్ ఒకచోట కూర్చుని తెలుగులో తీరిగ్గా మాట్లాడుకుంటే రికార్డు చేయించి, ఆకాశవాణిలోనూ పాడ్‌కాస్టుగానూ మాకు వినిపించమని అడగడానికే ఈ లేఖ రాస్తున్నాను. ఎందుకు అడుగుతున్నానో మా దగ్గర తరచూ వచ్చే ఒక తగాదా చెబితే మీకు తెలుస్తుంది.

డెల్టాలో ఇప్పుడు వరిచేను పక్కనే చెరువు. భీమవరం, ఆకివీడు వైపైనా, మా ముమ్మిడివరం, కాట్రేనికోన వైపైనా అంతే. మధ్యన ఒక గట్టు, మహా అయితే ఒక బోదె, అంటే చిన్న కాలువ. సార్వాలో, అంటే ఖరీఫ్‌లో, వరికి దోమ పట్టిందంటే కౌలు రైతు డ్రోన్ కుర్రాడికి ఫోన్ చేస్తాడు. చేతి పంపుతో కొట్టించాలంటే మనుషులు దొరకరు, దొరికినా ఎకరం తెమలడానికి పూట పడుతుంది. డ్రోన్ పది నిమిషాల్లో తెమిల్చేస్తుంది. మర్నాడు పొద్దున్న పక్క చెరువాయన మేత తిన్నదీ లేనిదీ చూసే చెక్‌ట్రే ఎత్తి చూస్తే రొయ్య మేత ముట్టలేదు. మధ్యాహ్నానికి గట్టు అంచుల్లో తేలుతుంది. అప్పుల మీద వేసిన పంట. ఇక చూడండి: చేను యజమాని, కౌలు రైతు, డ్రోన్ కొన్నాయన, దాన్ని ఎగరేసిన కుర్రాడు, చెరువు లీజుకి తీసుకున్నాయన, అందరూ పెద్దల్లో కూర్చుంటారు. గొంతు పెద్దదైనవాడి మాటే అక్కడ చెల్లుతుంది.

ఈ తగాదాలో ఉన్న ప్రశ్నలు ఒక్కరు తేల్చగలిగేవి కావు.

ఇంజినీరు చెప్పాల్సింది కొంత ఉంది. చేతి పంపుతో ఎకరానికి 200 లీటర్ల దాకా నీళ్లు కలిపి కొడతారు. డ్రోన్‌లో ఎకరానికి 10 లీటర్ల చుట్టూనే. అంటే మందు చిక్కగా ఉంటుంది, తుంపర సన్నగా ఉంటుంది. తుంపర ఎంత సన్ననైతే గాలికి అంత దూరం పోతుంది. ఎంత ఎత్తున ఎగిరింది, మందు చిమ్మే నాజిల్ ఏది పెట్టారు, ఆ పూట గాలి ఎటు వీచింది అన్న మూడిటి మీదే అంతా ఆధారపడి ఉంటుంది. పురుగునీ రొయ్యనీ జీవశాస్త్రం ఆర్థ్రోపోడా అనే ఒకే వర్గంలో పెట్టింది. కాబట్టి పురుగును చంపే మందు రొయ్యకీ ముప్పే. సింథటిక్ పైరెత్రాయిడ్లు నీళ్లలో అతి తక్కువ మోతాదులో ఉన్నా రొయ్య బతకదు. అయితే చెరువులో రొయ్య తేలిందంటే మందే కారణమనీ చెప్పలేం. తెల్లమచ్చ వైరస్ కావచ్చు, తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయి ఉండవచ్చు. నీటి నమూనా ఆ రోజే తీసి పెట్టకపోతే తర్వాత ఏ నిపుణుడూ తేల్చలేడు.

పైలట్ చెప్పాల్సింది మరికొంత. 2021 డ్రోన్ నియమాల ప్రకారం 2 కిలోలు దాటి 25 కిలోల లోపు ఉన్నది చిన్న డ్రోన్. మందు కొట్టేవి చాలామటుకు ఈ తరగతిలోకే వస్తాయి. వీటిని ఎగరేసేవాడికి 18 ఏళ్లు నిండాలి, పదో తరగతి పాసవ్వాలి, గుర్తింపు ఉన్న సంస్థలో శిక్షణ పొంది రిమోట్ పైలట్ సర్టిఫికెట్ తీసుకోవాలి. డ్రోన్‌కి వాహనం నంబరులాగే విశిష్ట గుర్తింపు సంఖ్య ఉండాలి. ఆంక్షలు లేని ప్రాంతమైన గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకా ముందస్తు అనుమతి అక్కర్లేదు. విమానాశ్రయం ప్రహరీ నుంచి 8, 12 కిలోమీటర్ల మధ్య ప్రాంతంలో ఆ ఎత్తు 200 అడుగులకు దిగుతుంది. రాజమండ్రి చుట్టుపక్కల పల్లెల్లో ఎగరేసేవాళ్లు తప్పనిసరిగా ఎరగాల్సిన లెక్క ఇది. సర్టిఫికెట్ అన్నయ్య పేరున ఉండి, ఎగరేసేది తమ్ముడు అయితే ఏమవుతుందో కూడా పైలటే చెప్పాలి.

న్యాయవాదికి మిగిలేది అసలు చిక్కు. డ్రోన్ నియమాలు థర్డ్ పార్టీ బీమా, అంటే ఇతరులకు జరిగే నష్టానికి చేయించే బీమా విషయంలో 1988 మోటారు వాహనాల చట్టాన్నే అన్వయించమన్నాయి. అన్నిటికన్నా చిన్నవైన నానో డ్రోన్లకు మినహాయింపు. డ్రోన్ ప్రమాదం వల్ల ప్రాణానికో ఆస్తికో నష్టం వస్తే పరిహారం ఇందులోంచి రావాలి. డ్రోన్ కూలకుండా, తీగ తగలకుండా, చక్కగా ఎగిరి వచ్చి, గాలికి మందు మాత్రం పక్క చెరువులో పడితే అది ప్రమాదం కిందికి వస్తుందా? నా కక్షిదారు అడిగినప్పుడు నేను సూటిగా జవాబు చెప్పలేకపోయాను, ఎందుకంటే ఆ నియమం రాసినవాళ్లు కూలే డ్రోన్‌ని ఊహించుకుని రాసినట్టుంది. ఇక సాక్ష్యం. డ్రోన్ తన ఎత్తునీ వేగాన్నీ దారినీ తానే లాగ్, అంటే చిట్టా, రాసుకుంటుంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 63వ సెక్షన్ ప్రకారం అది కోర్టులో చెల్లాలంటే ధ్రువపత్రం జతచేయాలి. లాగ్ కుర్రాడి ఫోన్‌లో ఉండొచ్చు, తయారీ కంపెనీ సర్వర్‌లో ఉండొచ్చు. దాన్ని ఎవరు అడగాలి, ఎన్నాళ్లలోపు అడగాలి? చెరువు పోగొట్టుకున్న మనిషికి ఆ లాగ్ ఉంటుందన్న సంగతే తెలియదండి.

ఈ ముగ్గురినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి, నాలుగో కుర్చీలో చెరువు రైతుని కూర్చోబెట్టి గంటసేపు మాట్లాడిస్తే, ఆ సీజన్‌లో మా దగ్గర ఎన్నో కేసులు పుట్టకుండానే పోతాయి. డ్రోన్ కుర్రాడు గాలి చూసుకుంటాడు. కౌలు రైతు ముందురోజే పక్క చెరువాయనకి ఒక మాట చెబుతాడు. చెరువాయన నీళ్లు సీసాలో పట్టి పెడతాడు. 2021 డిసెంబరులోనే కేంద్ర వ్యవసాయ శాఖ డ్రోన్‌తో మందు కొట్టడానికి ప్రామాణిక పద్ధతి విడుదల చేసింది. అది మా గట్టు దాకా రాలేదు.

కరపత్రాలు వేయొచ్చు కదా అంటారేమో. వేశారు, వేస్తారు, మంచిదే. మాట వేరండి. రాత్రంతా నీళ్లకి గాలి అందించే ఏరియేటర్లు తిప్పుకుంటూ చెరువు మకాంలో మేలుకుని ఉండేవాడు చదవడు, వింటాడు. కొబ్బరి దింపు తీసేవాళ్లు, వలిచేవాళ్లు, ఊడుపుల్లో ఉన్న ఆడవాళ్లు చేతులు పనిలో పెట్టి చెవి ఖాళీగా ఉంచుకునేవాళ్లు. విజయవాడ ఆకాశవాణి 1948 నుంచి ఈ నేలతో మాట్లాడుతోంది. మారుటేరు వరి పరిశోధనా కేంద్రం ఇచ్చిన స్వర్ణ వరి గురించి, కొత్త వంగడాల గురించి మా పెద్దవాళ్లు చాలా సంగతులు రేడియోలో శాస్త్రవేత్తల నోట వినే నమ్మారు. నమ్మకం ఎలా కుదిరిందంటే, రైతు ప్రశ్న అడిగాడు, శాస్త్రవేత్త జవాబు చెప్పాడు, రైతు మళ్లీ అడ్డు ప్రశ్న వేశాడు. ఉపన్యాసంలో ఆ అడ్డు ప్రశ్న ఉండదు. నేను కోరే సంభాషణలకు అదే ప్రాణం.

నమో డ్రోన్ దీదీ పథకంలో 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇవ్వాలని కేంద్రం సంకల్పించింది. 80 శాతం దాకా, 8 లక్షలకు మించకుండా సాయం. చాలా మంచి పథకం. పదిహేను రోజుల శిక్షణ తర్వాత ఊరికొచ్చిన అక్కచెల్లెళ్లకి మొదటి తగాదా వచ్చిన రోజు ఎవరు అండ? డ్రోన్ నడపడం నేర్పినవాళ్లు చట్టం కూడా వినిపించాలి.

2025 సెప్టెంబరులో మీ శాఖ పౌర డ్రోన్ల బిల్లు ముసాయిదాని ప్రజాభిప్రాయం కోసం పెట్టింది. గడువు ఆ నెలాఖరు దాకానే. డ్రోన్ కింద బతికేది మేము. మా పంచాయతీల్లో ఆ ముసాయిదా మాట ఎత్తినవాళ్లు నాకు కనబడలేదు. ఆ రెండు వారాల్లో ఒక్క గంట సంభాషణ తెలుగులో వచ్చి ఉంటే, చెరువులో పడే మందు సంగతి ఢిల్లీకి మా నోటే చేరేది.

డ్రోన్లే కాదండి. మా కోనసీమ నుంచి, పశ్చిమ గోదావరి నుంచి కువైట్‌కీ దుబాయ్‌కీ మస్కట్‌కీ పనికి వెళ్లినవాళ్లు లేని వీధి లేదు. అంతర్జాతీయ ప్రయాణంలో పెట్టె పాడైతే చేతికందిన 7 రోజుల్లోపు, ఆలస్యంగా వస్తే అందిన 21 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి, దావాకి గడువు రెండేళ్లు అని 1999 మాంట్రియల్ ఒప్పందం చెబుతుంది. భారతదేశం అందులో 2009లో చేరింది. ఇంటికొచ్చి చుట్టాలందర్నీ చూసుకుని, పెళ్లి పనులు చేసుకుని, నెల తర్వాత నా దగ్గరికి వస్తారు. అప్పటికి ఆ 7 రోజులూ ఎప్పుడో దాటిపోయి ఉంటాయి. విమానం ఎక్కే ముందే ఈ మాట వారి చెవిన పడాలి.

ఇక మనసు కష్టపెట్టే విషయం. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో విమానం కూలి 260 మంది పోయారు. జులై 12న ప్రమాద దర్యాప్తు సంస్థ ప్రాథమిక నివేదిక వచ్చింది. రెండు ఇంజన్ల ఇంధన స్విచ్చులూ ఒక సెకను తేడాతో రన్ నుంచి కటాఫ్‌కి, అంటే ఇంధనం ఆపేసే స్థితికి, మారాయన్న ఒక్క వాక్యం పట్టుకుని ఆ వారమంతా ఎవరికి తోచింది వారు మాట్లాడారు. పోయిన పైలట్లనే దోషులుగా నిలబెట్టారు. అంతర్జాతీయ విమానయానానికి సంబంధించిన షికాగో ఒప్పందం 13వ అనుబంధం ప్రకారం ప్రమాద దర్యాప్తు జరిగేది ఇంకో ప్రమాదం జరక్కుండా చూడటానికి. నింద ఎవరిదో తేల్చడం దాని పని కాదు. ప్రాథమిక నివేదిక అంటే తీర్పు కాదని, తుది నివేదికకి ఇంకా సమయం పడుతుందని ఒక మాజీ దర్యాప్తు అధికారి, ఒక కెప్టెన్ తెలుగులో నెమ్మదిగా వివరించి ఉంటే ఎంత బాగుండేది! ఆ స్విచ్చుకి గాడి ఎందుకు ఉంటుంది, ఎత్తి తిప్పాల్సిన ఏర్పాటు ఎందుకు పెట్టారు, కాక్‌పిట్ రికార్డరు ఏమి పట్టుకుంటుంది, ఏమి పట్టుకోలేదు, ఇవన్నీ మా పిల్లలు ఆసక్తిగా వినే సంగతులే. పోయినవారి కుటుంబాలకీ అది గౌరవంగా ఉండేది. అదే ఏడాది డిసెంబరు మొదటి వారంలో దేశమంతటా విమానాలు రద్దైపోతే, పైలట్ల వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకు పెంచిన నియమం ఎందుకు వచ్చిందో తెలియక, విశ్రాంతి అడిగినవాళ్లనే తిట్టినవారిని విన్నాను. అలిసిపోయిన పైలట్ వల్ల ప్రమాదం మనకే అని చెప్పే గొంతు తెలుగులో వినబడలేదు.

మీరు చేయగలిగినది పెద్ద బడ్జెట్ పని కాదు. పౌర విమానయాన డైరెక్టరేట్‌లోనూ విమానాశ్రయాల సంస్థలోనూ తెలుగువాళ్లైన అధికారులు, ఇంజినీర్లు ఉన్నారు. వాళ్లు మైకు ముందుకు రావడానికి జంకుతారు. 1964 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల నడవడి నియమాల్లో విధినిర్వహణలో భాగంగా మాధ్యమాల్లో పాల్గొనడానికి వీలుంది. అందుచేత ఈ సంభాషణల్లో పాల్గొనడం విధినిర్వహణేనని మీ శాఖ ఒక ఉత్తర్వు ఇస్తే చాలు. ఆకాశవాణి మీ శాఖ కిందికి రాదు, కానీ సమాచార ప్రసార శాఖకి మీరు ఒక్క లేఖ రాస్తే స్టూడియోలు తెరుచుకుంటాయి. విజయవాడ, విశాఖ కేంద్రాలు రెండూ మాకు వినబడతాయి. ప్రసారమైన ప్రతి భాగాన్నీ ఉచితంగా దింపుకునేలా పెట్టించండి, చెవిటివాళ్ల కోసం పాఠాన్నీ జతచేయించండి.

ఒక మనవి గట్టిగా చేస్తున్నాను. ఇది శాఖ ఘనతలు చెప్పుకునే కార్యక్రమం కాకూడదు. నియమంలో లోపం ఉంటే లోపం ఉందని చెప్పే వకీలుని కూడా పిలవాలి. 1934 విమానాల చట్టం పోయి 2025 జనవరి 1 నుంచి భారతీయ వాయుయాన్ అధినియమం వచ్చింది కదా, కొత్తదానిలో సామాన్యుడికి ఏమి మారింది, ఏమి మారలేదు అని ముఖం మీదే అడిగే మనిషి ఉండాలి. హైదరాబాద్, విజయవాడ విమానాశ్రయాల్లో ముఖం చూసి లోపలికి పంపే డిజియాత్ర కోసం ముఖం స్కాన్ చేయించుకోవడం తప్పనిసరి కాదని, అక్కర్లేదనుకుంటే మామూలు వరుసలో వెళ్లొచ్చని ప్రయాణికుడికి సూటిగా చెప్పాలి.

2024 అక్టోబరులో విజయవాడ పున్నమి ఘాట్ దగ్గర 5,500 డ్రోన్లు ఆకాశంలో బొమ్మలు గీస్తుంటే చూసి గర్వపడ్డవాళ్లలో నేనూ ఉన్నాను. అంతకు నెల ముందే బుడమేరు వరదలో మేడల మీద చిక్కుకున్నవాళ్లకి డ్రోన్లు అన్నం అందించాయి. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మా లంకల్లో అలాంటి ఏర్పాటు ఉంటే ఎలా ఉండేదా అని అనుకున్నాను. వరదలో డ్రోన్ ఎగరాలంటే ఎవరి అనుమతి కావాలి, హెలికాప్టర్ తిరుగుతున్న చోట డ్రోన్ ఎందుకు ఎగరకూడదు, పల్లెలో సర్టిఫికెట్ ఉన్న కుర్రాళ్ల జాబితా తహశీల్దారు దగ్గర ఉండాలా, ఇవి మళ్లీ వరద రాకముందే మాట్లాడుకోవాల్సినవి.

మొదటి భాగాన్ని సార్వా మందుల అదను రాకముందే, చేను పక్క చెరువు గురించే చేయించండి. రికార్డింగుకి అమలాపురంలో చోటు మేము చూస్తాం. చెరువు రైతుని, కౌలు రైతుని, డ్రోన్ నడిపే అమ్మాయిని మేము తీసుకొస్తాం. మీ వైపు నుంచి నియమాలు తెలిసిన ఒక అధికారిని, ఒక ఇంజినీరుని పంపండి.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,

భవదీయుడు,
కోనసీమ వకీలు ఒకరు
అమలాపురం