వెనుక ఎగ్జిట్ తలుపు పట్టేయడం గురించి

అందరికీ నమస్తే. వెనుక మెట్ల దగ్గరి ఎగ్జిట్ తలుపు బార్ (తెరవడానికి నొక్కే అడ్డ పట్టీ) నొక్కినా ఒక్కోసారి తెరుచుకోవడం లేదని మెడికల్ షాపు అన్న చెప్పాడు. పొద్దున వెళ్లి చూసిన.

తలుపు తెరిచి పెట్టి బార్ నొక్కితే లాక్ నాలుక హాయిగా లోపలికి పోయి వస్తోంది. మూస్తేనే పట్టేస్తోంది. అంటే లాక్ మంచిదే, తలుపే కిందికి జారింది. పై కబ్జా (భూముల కబ్జా కాదు, తలుపుదే) స్క్రూలు రెండు వదులై, నాలుక ఫ్రేమ్ ప్లేటు (నాలుక దూరే రంధ్రమున్న రేకు) అంచుకు రాసుకుంటోంది. రాసుకున్న చోట గీత తళతళ మెరుస్తోంది. స్క్రూలు బిగించి, ప్లేటును కొంచెం కిందికి జరిపిన. ఇప్పుడు ఒక్క చేత్తో తెరుచుకుంటోంది. కొత్త లాక్‌కు ఇప్పుడైతే డబ్బులు వసూలు చేయనక్కర లేదు.

ఎవరో లాక్‌లో కొబ్బరి నూనె పోశారు. దయచేసి పోయకండి. మన నల్లగొండ దుమ్ముకు అది జిగురులా పట్టేస్తుంది. గ్రాఫైట్ పొడి చాలు.

ఇంకోటి. దొంగల భయంతో రాత్రి గొలుసు వేస్తున్నారట. లోపల మనుషులుండగా మాత్రం వద్దు. ఎగ్జిట్ తలుపు లోపలి నుంచి తాళంచెవి లేకుండా తెరుచుకోవాలని 2016 జాతీయ భవన కోడ్‌లోనే ఉంది. పై అంతస్తులో ట్యూషన్ పిల్లలున్నారు కదా. గొలుసు ఎవరిదో వచ్చి తీసుకుపోండి, నా కౌంటర్ మీద పెట్టిన.