2024–25 వార్షిక నివేదిక

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గానికి, సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన సభ్యులందరికీ నమస్కారం.

వేసవి శిబిరం, పఠన సాయంత్రాలు, పంద్రాగస్టు పోటీలు ఎప్పటిలాగే జరిగాయి. వాటి వివరాలు మీకు ముందే అందాయి గనుక, ఈ ఏడాది మన సంఘానికి గర్వకారణమైన ‘దేశదేశాల క్రిస్మస్’ కార్యక్రమం గురించే విపులంగా నివేదిస్తున్నాను.

విద్యార్థులు జట్లుగా ఏర్పడి, ఒక్కో దేశపు ఆచారాన్ని చదివి, చేసి చూపాలన్నది మనం పెట్టుకున్న నియమం. ఫిలిప్పీన్స్ జట్టు అక్కడి ‘పరోల్’ అనే నక్షత్ర దీపాన్ని వెదురు బద్దలతో, గాలిపటాల కాగితంతో కట్టింది. ఇథియోపియా జట్టు అక్కడ పండుగ జనవరి 7న ఎందుకొస్తుందో వివరించింది. అక్కడి చర్చి పాత క్యాలెండరును పాటిస్తుందని, దాని ప్రకారం క్రిస్మస్ ఇప్పుడు మన డిసెంబరు 25కు 13 రోజుల తర్వాత వస్తుందని చెబుతూ, చాంద్రమానం వల్ల మన ఉగాది ఒకనాడు, సౌరమానం వల్ల తమిళుల సంవత్సరాది మరొకనాడు రావడాన్ని ఎనిమిదో తరగతి బాలిక పోల్చి చూపినప్పుడు సభంతా చప్పట్లు కొట్టింది.

మెక్సికో జట్టు ‘పొసాదాస్’ను మన వీధుల్లోనే ప్రదర్శించింది. డిసెంబరు 16 నుంచి 24 వరకు తొమ్మిది రాత్రులు సాగే ఆ ఆచారంలో, మరియ యోసేపులు బస కోసం వెతికినట్టు జనం పాడుతూ తలుపులు తడతారు. కొన్ని ఇళ్లవారు పొమ్మంటారు, చివరి ఇంటివారు లోపలికి పిలిచి విందు పెడతారు. ఇది చూసిన మన కాలనీ పెద్దావిడ ఒకరు, చిన్నప్పుడు గుంటూరు జిల్లాలోని తమ ఊళ్లో పెట్రోమాక్స్ వెలుగులో, డోలక్ మోతతో ఇల్లిల్లూ తిరిగి క్రిస్మస్ పాటలు పాడిన రాత్రుల గురించి చెప్పి, పిల్లలందరికీ గులాబీ పువ్వులు, కజ్జికాయలు పెట్టారు. పుస్తకంలో దొరకని పాఠం ఆమె వల్ల దొరికింది.

సంక్రాంతి సెలవుల్లో విద్యార్థులను మెదక్ చర్చికి తీసుకువెళ్లాం. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన ఆ కట్టడానికి సరిగ్గా నూరేళ్లు నిండిన తరుణమది. రంగు అద్దాల కిటికీలో క్రీస్తు జననాన్ని చూసి పిల్లలు కదలలేదు.

నవంబరు సమావేశంలో పేర్లిచ్చిన స్వచ్ఛంద సేవకుల్లో అత్యధికులు రాలేదని బాధతో తెలియజేస్తున్నాను. సామాజిక భవనం కోసం మేం పలుమార్లు తిరిగినా సంబంధిత అధికారి సంతకం చేయకపోవడంతో, చలిలో డాబా మీద కార్యక్రమం జరపవలసి వచ్చింది.

జమాఖర్చుల పట్టిక జతపరిచాం. ఖర్చులో పెద్దభాగం బస్సు కిరాయికి, భోజనాలకు అయింది. వెదురు బద్దలు కట్టడం నేర్పిన గాలిపటాల కళాకారునికి, తలుపులు తెరిచిన కుటుంబాలకు, వంటలో సాయపడిన తల్లులకు, రాత్రి కాపలా ఉన్న వాచ్‌మన్‌కు, వచ్చిన ఆ కొద్దిమంది సేవకులకు పేరుపేరునా కృతజ్ఞతలు.

వచ్చే ఏడాది భవనం దరఖాస్తును ఆగస్టులోనే ఇవ్వాలని, పోలండ్, స్వీడన్ ఆచారాలను చేర్చాలని ప్రతిపాదిస్తూ, ఈ నివేదికను సభ ఆమోదానికి సమర్పిస్తున్నాను.

కార్యదర్శి