డూమ్‌లు పంపవద్దు బావా

రాజోలు
ముక్కనుమ, ఉదయం

బావా,

మొన్న ఫోనులో మాట మధ్యలోనే తెగిపోయింది. "ఇక్కడ మంచి హెడ్‌లైట్లు దొరుకుతున్నాయి, నీ అంబాసిడర్‌కు ఒక జత పంపిస్తాను, అడ్రసు సరిచూసి చెప్పు" అన్నావు. నీ మనసు నాకు తెలుసు, కానీ పంపవద్దు. ఎందుకు వద్దంటున్నానో తీరికగా రాస్తాను. ఈ నెలన్నరలో నేను నేర్చుకున్నది నీ హాట్ రాడ్‌కు, ఆ పాత ఫోర్డు బండికి కూడా పనికొస్తుంది.

ముందు నువ్వు పంపుతానన్న డూమ్‌ల సంగతి, అంటే అద్దమూ గిన్నే కలిసిన హెడ్‌లైట్ల సంగతి. మీ కాలిఫోర్నియాలో బండ్లు రోడ్డుకు కుడివైపు నడుస్తాయి. అందుకని డిమ్ములో ఉన్నప్పుడు వెలుగు కుడి అంచు వైపు ఎక్కువ దూరం వెళ్లేలా అద్దంలోనే గాడులు పోస్తారు. ఆ డూమ్ తెచ్చి ఇక్కడ బిగిస్తే ఆ వెలుగు నేరుగా ఎదుటివాడి కళ్లలోకి పోతుంది. మన కాలువ గట్టు మీద కళ్లు చెదిరినవాడు ఎటు తప్పుకుంటాడు? ఒకవైపు కాలువ, ఇంకోవైపు బోదె. నేను కొన్న వాటి అద్దం మీద చిన్న బాణం గుర్తు ఉంది. బండికి ఎదురుగా నిలబడి చూస్తే అది మన కుడిచేతి వైపు చూపిస్తుంది. ఎడమవైపు నడిచే దేశాలకు చేసిన లైటని దాని అర్థం. అద్దం కొనేముందు ఆ బాణం కోసం వెతకాలని నాకు ఇంతకాలం తెలియదు.

మార్గశిరంలో జరిగింది నీకు చెప్పలేదు. సార్వా కోతలు ముగిసిన రోజులు. అమలాపురం నుంచి నాన్నను తీసుకుని రాత్రి పూట వస్తున్నాను. పి.గన్నవరం అక్విడెక్టు దాటాక మంచు దిగింది. రోడ్డు మీద పగలు ఆరబోసిన ధాన్యాన్ని సాయంత్రం కుప్ప చేసి, బరకాలు కప్పి, చుట్టూ రాళ్లు పేర్చి ఉంచారు. బరకం నలుపు, రోడ్డు నలుపు, మా లైట్ల వెలుగేమో కొబ్బరిపీచు రంగు. కుప్ప పక్కన గోనెసంచి కప్పుకుని కాపలా పడుకున్న మనిషి చెయ్యి కనిపించింది. బ్రేకు మీద నిలబడ్డాను. బంపరు ఒక రాయికి తగిలి బండి ఆగింది. ఆ మనిషికీ మాకూ మధ్య రెండు మూరలు, అంతే. ఆయన లేచి కూర్చుని, "ఏమండీ, లైట్లు వేసుకోలేదా?" అని అడిగాడు.

వేసే ఉన్నాయి బావా.

నాన్న దారిలో ఒక్క మాట అనలేదు. ఇంటికి వచ్చాక తాళంచెవి తీసుకుని తన దిండు కింద పెట్టుకున్నారు.

మర్నాడు పొద్దున్నే మీటరు పట్టుకుని బండి దగ్గర కూర్చున్నాను. ఇంజిన్ ఆపి, లైట్లు వేసి చూస్తే బ్యాటరీ దగ్గర 12.4 వోల్టులు, బల్బు హోల్డరు దగ్గర 10.2. రెండు వోల్టులే కదా అనిపిస్తుంది. కానీ ఫిలమెంటు బల్బు వెలుగు వోల్టేజీతో సమానంగా తగ్గదు, దాదాపు మూడున్నర ఘాతంలో పడిపోతుంది. పది శాతం వోల్టేజీ పోతే ముప్పై శాతం వెలుగు పోతుంది. మా లెక్కకు సగం వెలుగే మిగిలింది. డూమ్‌లు ఎన్ని మార్చినా ఆ సగం తిరిగి రాదు.

ఎక్కడ పోతోందో వెతుక్కుంటూ వెళ్లి, ఎడమ పాదం కింద ఉండే, డిమ్మూ బ్రైటూ మార్చే డిప్పు స్విచ్చు విప్పాను. మూత తీయగానే పచ్చటి చిలుము పొడిపొడిగా రాలింది. ఇత్తడి పిన్ను ఒకటి వేలు తగలగానే విరిగి అరచేతిలో పడింది. గుడ్డ చుట్టిన పాత వైరును గోటితో గీకితే లోపల రాగి నల్లబడిపోయి, సగం పోగులు తెగిపోయి ఉన్నాయి. 1964 బండి, సముద్రపు గాలి, ఎన్నెన్నో వానాకాలాలు. దాని తప్పు ఏమీ లేదు. బ్యాటరీలో బయలుదేరిన కరెంటు డ్యాష్‌బోర్డు స్విచ్చు దాకా వచ్చి, అక్కడినుంచి పాదం కిందికి దిగి, మళ్లీ ముందుకు వెళ్లి లైటు చేరాలి. ధవళేశ్వరంలో వదిలిన నీరు మా శివారు చేలకు వచ్చేసరికి ఎంత మిగులుతుందో నీకు చెప్పాలా!

అందుకని రెండు రిలేలు, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చులు పెట్టాను, డిమ్ముకు ఒకటి, బ్రైట్‌కు ఒకటి. బ్యాటరీ నుంచి లావు వైరు ఫ్యూజు మీదుగా 30 నంబరు పిన్నుకు, 87 నుంచి బల్బుకు. పాత స్విచ్చు వైరు 86కు, 85 బాడీకి. ఇప్పుడు స్విచ్చు లాకు తలుపు ఎత్తే మనిషి లాంటిది, నీరు ఆయన చేతుల్లోంచి పోనక్కరలేదు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. మా బండి పాత బ్రిటిష్ పద్ధతిలో పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ పాజిటివ్ కొసే బాడీకి కలిసి ఉంటుంది. రిలేలో ఉత్త తీగచుట్టే ఉంటే ఎటు కలిపినా ఫరవాలేదు, కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడు ఉన్న రకమైతే తలకిందులు కాకూడదు. అడిగి మరీ డయోడు లేనివి తెచ్చుకున్నాను. బల్బు ఎర్తు వైరు కూడా కొత్తది వేసి, తుప్పు గీకిన చోట బిగించాను. ఇప్పుడు హోల్డరు దగ్గర 12.1 వస్తోంది.

ఆ తర్వాతే డూమ్‌ల జోలికి వెళ్లాను. ఏడంగుళాల గుండ్రటివి, డిమ్ముకూ బ్రైట్‌కూ వేర్వేరు ఫిలమెంట్లుండే హెచ్4 బల్బు పట్టేవి. పాత రింగులే మళ్లీ బిగించాను కాబట్టి బండి ముఖం ఏమీ మారలేదు. దుకాణంలో 100/90 వాట్ల (బ్రైట్‌కు 100, డిమ్ముకు 90) బల్బులు చూపించారు, నేను 60/55 తీసుకున్నాను. మా డైనమో గట్టిగా తిరిగితే ఇచ్చేది 22 ఆంపియర్లు. రెండు 60 వాట్ల బల్బులకు పది పోతాయి, మిగిలినవి ఇగ్నిషన్‌కు, వైపరుకు, వెనక లైట్లకు సరిపోతాయి. వంద వాట్లవి పెడితే ఒక్క లైట్లే పదహారు పైన తాగేస్తాయి. పైగా అంత వాట్లు రోడ్డు మీద చట్టవిరుద్ధం. ఎల్‌ఈడీ కూడా వద్దనుకున్నాను. హెచ్4 బల్బును దగ్గరగా చూశావా? డిమ్ము ఫిలమెంటు కింద చిన్న దోసిలి లాంటి రేకు ఉంటుంది. రిఫ్లెక్టరు కింది సగానికి వెలుగు పోకుండా అదే ఆపుతుంది, అందుకే గోడ మీద పైన చీకటి, కింద వెలుగు కత్తితో కోసినట్టు వస్తాయి. ఫిలమెంటు ఉండాల్సిన చోటు వెంట్రుకవాసి తప్పినా ఆ గీత చెదిరిపోతుంది. ఫిలమెంటు కోసం చేసిన రిఫ్లెక్టరులో ఎల్‌ఈడీ పెట్టినవాళ్ల వెలుగు చెట్ల కొమ్మల మీద కనిపిస్తుంది, రోడ్డు మీద కాదు.

ఫోకస్ సరిచేయడానికి రెండు రాత్రులు పట్టింది. రైసు మిల్లు గోడకు సరిగ్గా పది మీటర్ల దూరంలో, చదును నేల మీద బండి నిలిపాను. లైటు మధ్యభాగం ఎత్తులో సుద్దతో ఒక గీత, దానికి పది సెంటీమీటర్ల కింద ఇంకో గీత. డిమ్ము వెలుగు పై అంచు ఆ కింది గీత మీద కూర్చోవాలి. నూటికి ఒకటి వంపు అన్నమాట. లైటు నేలకు 70 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే డెబ్బై మీటర్ల దూరం దాకా రోడ్డు కనిపిస్తుంది, ఎదుటివాడి కన్ను మాత్రం చీకట్లోనే ఉంటుంది. పై మర తిప్పితే ఎత్తు, పక్క మర తిప్పితే కుడి ఎడమలు. మొదటి రాత్రి సరిచేసి, మర్నాడు డిక్కీలో నాలుగు బస్తాల కొబ్బరికాయలు వేసుకుని వెళితే వెలుగంతా పైకి లేచింది. వెనక కమాను పట్టీలు కుంగితే ముక్కు లేస్తుంది కదా. అందుకని రెండో రాత్రి వెనక సీట్లో నాన్ననూ అమ్మనూ కూర్చోబెట్టి, డిక్కీలో రెండు బస్తాలు వేసి, మళ్లీ మొదటినుంచి సరిచూశాను. అమ్మ చలికి శాలువా కప్పుకుని, "ఇంకొంచెం కిందికిరా" అని గోడ వంక చూస్తూ చెప్పింది.

నిన్న కనుమ. జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లాలంటే నాన్న దిండు కింది నుంచి తాళంచెవి తీసి నా చేతిలో పెట్టారు. తిరిగి వచ్చేసరికి బాగా చీకటి పడింది, మంచు కూడా ఉంది. తీర్థం నుంచి వచ్చేవాళ్లు గట్టు పొడవునా నడుస్తున్నారు. ఆడవాళ్ల చేతుల్లో జీళ్ల పొట్లాలు, భుజాల మీద నిద్రపోయిన పిల్లలు. ఒక్కొక్కరి కాళ్లు, చీర అంచులు దూరం నుంచే విడివిడిగా కనిపించాయి. ఎదురొచ్చిన ఒక్క బండీ డిప్పరు కొట్టలేదు. నాన్న వెనక సీట్లో నిద్రపోయారు. నా డ్రైవింగులో ఆయన రాత్రి పూట నిద్రపోవడం ఇదే మొదటిసారి బావా.

ఇప్పుడు నీ 1932 ఫోర్డు. కమ్మీ మీద నిలబడే ఆ క్రోము గిన్నెలు తీసేసి కొత్తవి పెడతానన్నావు, తొందరపడకు. ఆ బండి పుట్టినప్పుడు ఆరు వోల్టులది. నీది ఇంకా అలాగే ఉంటే అదే వాట్లకు కరెంటు రెట్టింపు లాగుతుంది, వైరులో నష్టం మాకంటే ఎక్కువ. అమెరికాలో సీల్డ్ బీమ్ (అద్దం, రిఫ్లెక్టరు, ఫిలమెంటు ఒకే ముక్కగా మూసేసిన లైటు) వచ్చింది 1940 మోడళ్లతో, నీ గిన్నెలు అంతకు ముందువి. లోపలి వెండిపూత నల్లబడి ఉంటుంది. మళ్లీ పూత వేయిస్తే చాలునేమో చూడు. ముందు బ్యాటరీ దగ్గర, బల్బు దగ్గర వోల్టేజీ కొలిచి ఆ రెండు అంకెలూ నాకు రాయి. తర్వాత ఏం కొనాలో కలిసి ఆలోచిద్దాం.

నాన్న నిన్ను అడిగినట్టు చెప్పమన్నారు. వేసవిలో వస్తే పగటి రైలుకు రావద్దు, రాత్రి బండికే రాజమండ్రిలో దిగు. నేనే అంబాసిడర్ తీసుకుని వస్తాను.

నీ బావ